మారిషసు ద్వీపమున మా నివాసము

ఆడుదానికి ఇల్లు మారుట క్రొత్త గాదు. పుట్టినింట పెరిగి పెద్దదైన పిల్ల ఒక్క ముహూర్తముతో మెట్టినింటి దగును. అచ్చటి మడి వేఱు, వంట వేఱు, పిలుపులు వేఱు, ఉప్పు కారముల పాళ్లు సైతము వేఱు. అయినను ఏడాది తిరుగునప్పటికి ఆ యింటినే తన యిల్లని చెప్పుకొనును. ఈ విద్యను మన తల్లులు మనకు ఉగ్గుపాలతోనే నేర్పిరి. కాని ఒక దేశమును విడిచి మఱియొక దేశమున కాపురము పెట్టవలసి వచ్చినపుడు ఆ విద్య యెంతవఱకు పనికివచ్చును? నేడు మన తెలుగు కుటుంబములనుండి ఎందఱో స్త్రీలు భర్తల యుద్యోగములను బట్టియో, తమ చదువులను బట్టియో సముద్రములు దాటి పోవుచున్నారు. వారు ఇంటికి తెలుపు కబురులలో మేడలు, రోడ్లు, అంగళ్లు, చలి, జీతములు ఇవన్నియు నుండును. మనసు ఎట్లున్నదో, దేవుని ముందు కూర్చున్నపుడు ఏమి తోచుచున్నదో తెలుపువారు అరుదు. మావారి ఉపాధ్యాయవృత్తి మమ్ము మారిషసు ద్వీపమునకు తెచ్చి మూడేండ్లు కావచ్చినది. ఈ దేశమును గూర్చి చెప్పుచు, ఇచ్చట మనసు నిలుచుటకు మాకు తోడ్పడిన సంగతులను కూడ సోదరీమణులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మారిషసు హిందూ మహాసముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా నున్న చిన్న ద్వీపము. ఆఫ్రికా తీరమునకు తూర్పున సుమారు 2,000 కిలోమీటర్ల దూరమున నున్నది. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఉదయము బయలుదేరినచో మధ్యాహ్నమునకు ద్వీపమంతయు చుట్టి రావచ్చును. అగ్నిపర్వతములు కక్కిన రాతితో నేర్పడిన భూమి యగుటచే ఎచ్చట త్రవ్వినను నల్లరాయి పడును. 1598లో డచ్చివారు ఇచ్చట దిగి తమ రాజకుమారుడగు మారిస్ పేరు దీనికి పెట్టిరి. ఎగురలేని డోడో పక్షి యీ ద్వీపమునందు తప్ప మఱెచ్చటను లేకుండెను. వారు వచ్చిన నూఱేండ్లలోపలనే అది నశించినది. తరువాత 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును దీనిని వశపఱచుకొనిరి. 1968 మార్చి 12వ తేదీన దేశము స్వతంత్రమైనది. నేడు ప్రభుత్వ కార్యములు ఇంగ్లీషున జరుగును, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వెలువడును, వీధిలోను వంటింటిలోను మాత్రము అందఱు మాటలాడునది క్రియోలు భాష. హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, చీనావారు ఒకే వీధిలో గోడకు గోడ చేర్చి కాపురము చేయుదురు. ఉగాది, రంజాను పండుగ, క్రిస్మసు, చీనావారి సంవత్సరాది, అన్నియు దేశమునకంతకును సెలవులే.

ఎటు చూచినను చెఱకు తోటలు. ఆ తోటల నడుమ నల్లరాళ్లను గోపురములవలె పేర్చిన కుప్పలు అక్కడక్కడ కనబడును. మొదట చూచినపుడు అవి యేమి గుడులో యని భ్రమపడుదుము. గుడులు కావు, దుక్కికి అడ్డము వచ్చు రాళ్లను చేతులతో ఏరి, మోసి, పేర్చినవి. పేర్చినవారిలో మనవారును ఉన్నారు. బానిసత్వము పోవుచున్న కాలమున తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చిరి. 1834నుండి ఒప్పందపు కూలీలుగా మన దేశపు జనమును ఓడలలో తెచ్చుట మొదలిడిరి. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములవఱకు దాదాపు 5 లక్షలమంది యిట్లు వచ్చిరి. కొందఱిని ఇచ్చటినుండి ఇతర ద్వీపములకును ఖండములకును పంపిరి. అనేకులు ఇచ్చటనే నిలిచిపోయిరి. వారిలో తెలుగువారు కోరంగి, విశాఖపట్టణము మున్నగు రేవులనుండి వచ్చినవారు. అందుచేతనే ఇచ్చట తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. మాది గోదావరి తీరము; కోరంగి మాకు దూరము గాదు. చిన్ననాట ఆ మడ అడవుల వైపు పోయినపుడు, ఇది యొకప్పుడు గొప్ప రేవు, 1839 నాటి ఉప్పెనలో పాడైపోయినదని పెద్దలు చెప్పగా వినుటయే గాని, ఆ రేవు పేరు ఇంత దూరమున ఒక జాతికి పేరై నిలిచియున్నదని మేమెఱుగము.

రాజధాని పోర్టులూయీలో ఓడలనుండి దిగిన కూలీలను చేర్చి వ్రాసికొనిన కట్టడము నేటికిని ఉన్నది. దానిని ఆప్రవాసీ ఘాటు అందురు. 2006లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. అందు సముద్రమునుండి పైకి వచ్చుటకు రాతి మెట్లు గలవు. పదునాఱు మెట్లవి. ఎక్కుటకు నిమిషము పట్టదు. మేము విమానములో కొన్ని గంటలలో వచ్చితిమి. సంచులలో పంచాంగము, పసుపు, కుంకుమ, పచ్చళ్లు తెచ్చుకొంటిమి. వచ్చిన దినముననే ఫోనులో అమ్మ మొగము చూచి మాటలాడితిమి. ఆ మెట్లెక్కిన స్త్రీలకు ఇవేవియు లేవు. సముద్రము దాటినవారికి కులము లేదని శాస్త్రము చెప్పినట్లు విని, భయపడుచునే దాటినవారు వారు. అచ్చట నిలుచున్నపుడు మా దిగులు మాకే చిన్నదిగా కనబడినది. కాని చిన్నదైనంత మాత్రమున దిగులు పోదు. ఇతరుల కష్టము పెద్దదని తెలియుట మనసుకు బుద్ధి చెప్పునే గాని ఓదార్పు నీయదు. ఓదార్పు వేఱు దారిని రావలసియుండెను.

మొదటి నెలలలో మా దిగులు పెద్ద విషయములనుండి రాలేదు. ఇక్కడ ఆరు గంటలైనపుడు మన దేశమున ఏడున్నర. ఆ గంటన్నర తేడా మమ్ము చాల బాధించెను. మేము లేచి ముగ్గు వేయునప్పటికి అమ్మ పూజ ముగించి యుండును. మేము మధ్యాహ్నము తీరికగా కూర్చుండునప్పటికి ఆమె కునుకు తీయుచుండును. ఒకే దినమును ఇద్దరము కలసి గడుపుచున్నట్లు లేకపోయెను. మేమున్నది ద్వీపమునకు నడుమ ఎత్తైన భూమి. అచ్చట మబ్బు, సన్నని తుంపర, గాలి తఱచు. ఆఱవేసిన వడియములు ఎండక బూజుపట్టెను. ప్రతి వస్తువును ఇంటి వస్తువుతో పోల్చి చూచుట అలవాటయ్యెను. పోల్చిన ప్రతిసారియు ఇక్కడిదే తక్కువ.

ఈ పోలిక మొదట సడలినది కూరగాయల బజారులో. పోర్టులూయీ బజారున ఒక స్త్రీ ఆకుల కట్టలు పెట్టుకొని అమ్ముచుండగా ఇది యేమని అడిగితిమి. ‘కారిపులే’ యనెను. వాసన చూతుము గదా, మన కరివేపాకు. దాని ప్రక్కదానిని ‘కొతొమిలి’ యనెను, మన కొత్తిమీర. మూడవ దానిని ‘బ్రెద్ మురుం’ అనెను, మునగాకు. కరివేపాకు మొదలగు మాటలు తమిళుల నోట వచ్చి క్రియోలులో కలిసినవట. అమ్మినామె ఆఫ్రికా జాతి స్త్రీ. ఆమెకు ఆ మాటలు తన సొంత మాటలే. ఎచ్చటినుండి వచ్చినవో ఆమె యెఱుగదు, ఎఱుగవలసిన పనియు లేదు. మునగాకు ఈ దేశమున పరదేశి గాదు. మనము మాత్రము ఎందుకు పరదేశులుగా నుండవలెనని ఆ దినమున తోచినది. ఆ రాత్రి మునగాకు కూర చేసికొని కడుపునిండ తింటిమి. మనసు నిలుచుటకు మొదటి మెట్టు వంటింటిలోనే యున్నదని మా నమ్మకము.

అయినను పూజయందు మనసు నిలుచుటకు చాల కాలము పట్టినది. దీనిని కొంచెము వివరించి చెప్పవలెను. మన పూజ సంకల్పముతో మొదలగును. ఏ ద్వీపమున, ఏ ఖండమున, మేరువునకు ఏ దిక్కున, శ్రీశైలమునకు ఏ మూల, ఏ నదుల నడుమ కూర్చుండి చేయుచున్నామో చెప్పి, పిమ్మట సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, తిథి చెప్పి, అప్పుడు గాని గోత్రనామములు చెప్పుకొనము. చిన్ననాట నాన్నగారు మాకు సంస్కృతము చెప్పుచు, సంకల్పమనగా భగవంతునికి మన చిరునామా తెలుపుటయే యని నవ్వుచు ననెడివారు. ఈ దేశమున మొదటిసారి వరలక్ష్మీవ్రతమునకు కూర్చుండి సంకల్పము చెప్పబోగా నాలుక ఆగిపోయెను. జంబూద్వీపమున, భరతఖండమున అని చెప్పినచో అది యసత్యము. చెప్పకున్నచో ఏమి చెప్పవలెను?

అంతటితో ఆగలేదు. ఋతువులును తలక్రిందులు. మనకు వేసవియైనపుడు ఇచ్చట చలికాలము. శ్రావణమాసమున వర్షఋతువని చెప్పుచు ఎదుట చూతుము గదా, మామిడిచెట్టు పూతతో నున్నది! మామిడిపండ్లు మార్గశిర పుష్యములలో వచ్చును. ఉగాది నాటికి చెట్టున కాయ దొరకదు. మకర సంక్రాంతి మనకు చలి తగ్గుచు ప్రొద్దు పెరుగు పండుగ. ఇచ్చట ఆ దినమున సూర్యుడు నడినెత్తిన మండుచుండును, అప్పటినుండి ప్రొద్దు తగ్గుచు పోవును. చెఱకు నఱుకుట ఆషాఢము ప్రాంతమున మొదలై డిసెంబరునకు ముగియును గనుక సంక్రాంతికి కోతలును లేవు. ఉన్నది తుపానుల భయము. ఏడాదిలో ఎక్కువ దినములు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరపు దిక్కున నుండును. తులసికోటకు ఎండ తగులునట్లు పెట్టుటకు ఇంటి చుట్టు మూడుసార్లు తిరుగవలసి వచ్చినది. కొన్ని రాత్రులందు చంద్రునిలోని కుందేలు కూడ తలక్రిందులైనట్లు తోచెను.

ఆకాశము మాట వచ్చినది గనుక మఱియొక సంగతి. మన పెండ్లిండ్లలో వధూవరులకు ధ్రువ నక్షత్రమును, అరుంధతిని చూపుదురు గదా. ఈ దేశమున ధ్రువుడు ఎన్నడును కనబడడు. భూమి గుండ్రదనము మాటున క్షితిజమునకు దిగువనే యుండిపోవును. సప్తర్షులు చైత్ర వైశాఖములలో ఉత్తరపు టంచున కొంచెము పైకి వచ్చి, బోర్లించిన గరిటెవలె కనబడుదురు; అప్పుడు అరుంధతియు కంటికి అందును. ధ్రువుడు లేని దేశమున పెండ్లి యెట్లగునని మేము వగచుచుండగా మావారు నవ్వి, ‘మన పెండ్లిలో పురోహితుడు పట్టపగలు పందిటి వెలుపల నిలిపి చూపినపుడు నీకు ఎన్ని నక్షత్రములు కనబడినవి?’ అనిరి. నిజమే. కనబడనిదానిని ఉన్నదని నమ్మి తలయూచుటయే ఆనాడు మనము చేసినది. ఇక్కడివారు చేయునదియు అదియే.

ధ్రువుడు పోగా దక్షిణపు ఆకాశమున ఎవరున్నారు? వైశాఖ మాసపు రాత్రి త్రిశంకు నక్షత్రములు నాలుగును సిలువవలె ఎత్తుగా వెలుగుచుండును. మన దేశమున అవి క్షితిజమును అంటుకొని యుండును గాన చూచినవారు తక్కువ. త్రిశంకుని కథ తెలియని తెలుగు స్త్రీ యుండదు. బొందితో స్వర్గమునకు పోగోరి, దేవతలు త్రోయగా పడి, విశ్వామిత్రుని మాటచే నడుమ నిలిచిపోయినవాడు. అటు స్వర్గము లేదు, ఇటు భూమి లేదు. మొదటి యేడు ఆ నక్షత్రములను చూచి, ఇది మా బొమ్మయే గదా యని కంట తడిపెట్టుకొంటిమి. దేహము ఇచ్చట, ధ్యాస అచ్చట. పరదేశమున నుండు స్త్రీలలో పలువురి స్థితి యిదియే. ఏండ్లు గడచినను పెట్టె విప్పి సర్దుకొనరు. ‘వచ్చే యేడు పోవుదుము’ అనుచు ఉన్న యేటిని పోగొట్టుకొందురు.

ఇక సంకల్పపు ముడి విప్పినవారిని గూర్చి చెప్పెదము. మా యింటికి నాలుగిండ్ల అవతల ఒక తెలుగు వృద్ధురాలు గలరు. ఆమెను మేము మామ్మగారని పిలుతుము. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె ముత్తవ్వ ఓడలో వచ్చినది. మామ్మగారికి తెలుగు మాటలాడుట రాదు; క్రియోలులోనే మాటలాడుదురు. కాని గోవింద నామములు, రామ భజన పాటలు, అమ్మోరి పాటలు నోటికి వచ్చును. అర్థము అడిగిన చెప్పలేరు. ఒక్క అక్షరము తప్పి పాడిన ఊరుకొనరు. ఈ దేశపు తెలుగువారు సింహాద్రి అప్పన్నను ఇంటి వేలుపుగా కొలుతురు. రామభజనము వారికి ముఖ్యమైన వేడుక. నడుమ పెద్ద దీపము నిలిపి, దాని చుట్టు తిరుగుచు, తాళములతో రాత్రి తెల్లవార్లు పాడుదురు. మేము మొదటిసారి చూచినపుడు ఒక పడుచు పిల్ల పాటల పుస్తకము తెచ్చి మా చేతిలో పెట్టినది. తెలుగు పాటలే, కాని రోమను అక్షరములలో వ్రాసియుండెను. మాకు లిపి తెలిసియు పాట రాదు. వారికి లిపి తెలియదు, పాట వచ్చును. చిన్నప్పటినుండి కావ్యములు చదివితిమను గర్వము ఆ రాత్రి కొంత తగ్గినది. పిల్లలు ఇప్పుడు బడులలో తెలుగు నేర్చుకొనుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఈ ద్వీపముననే జరిగినవి. కాని బడులు లేని కాలమున భాషను నిలిపినది ఆ దీపము చుట్టు తిరిగిన పాటయే.

మామ్మగారిని సంకల్పము సంగతి అడిగితిమి. ఆమె పెద్దగా ఆలోచింపలేదు. ‘మీరు ఏ నీళ్లు త్రాగుచున్నారో ఆ నీళ్ల పేరు చెప్పుడు. దేవుడు కనుగొనలేడా?’ అనిరి. చదువుకొన్నవారికి తోచని మాట అది. మాసములు చంద్రుని బట్టి యేర్పడినవి గాన చైత్రము ఎచ్చటనైనను చైత్రమే. ఉన్న చోటు మాత్రము నిజముగా చెప్పుకొనవలెను. అప్పటినుండి హిందూ మహాసముద్ర మధ్యమున నున్న ఈ ద్వీపమున అని చెప్పి, మా యూరి ప్రక్కన పాఱు చిన్న యేటి పేరు చేర్చుచున్నాము. మొదట ఆ ఫ్రెంచి పేరు సంస్కృత విభక్తులలో ఒదుగక నవ్వు వచ్చెడిది. ఇప్పుడు రాదు. ఉగాదికి కాయ దొరకదని దిగులుపడగా, డిసెంబరులో దొరకిన పుల్లకాయలను ముక్కలు కోసి ఉప్పులో ఊరవేసి దాచిన జాడీ చూపిరి మామ్మగారు. నాలుగు నెలల ముందే ఉగాదిని తలచి జాడీ పెట్టుటకంటె భక్తి యేమున్నది?

రెండవ యేట కార్తీక మాసమున మా అమ్మ పరమపదించినది. తెల్లవారక మునుపే ఫోను మ్రోగెను. అంతకు మూడు దినములు ముందుగా మాటలాడినపుడు జ్వరమని మాత్రము చెప్పిరి. ఆ దినమే బయలుదేరినను కడచూపునకు అందునట్లు విమానము లేకపోయెను. అన్నగారు ఫోను పట్టుకొని చూపుదుమనిరి, మేము వలదంటిమి. పెండ్లియైన కూతురికి మూడు రాత్రులు మైల. పుట్టింటనైనచో ఆ మూడు రాత్రులు నలుగురు చుట్టును ఉండి, అమ్మ మాటలే చెప్పుకొని యేడ్చెదరు. ఇచ్చట ఎవరున్నారు? మావారు మౌనముగా కూర్చుండిరి. పిల్లలకు అమ్మమ్మ యనగా ఫోనులోని మొగమే.

ప్రొద్దు క్రుంకిన పిమ్మట తలుపు తట్టిరి. ఎదుటి యింటి క్రైస్తవ స్త్రీ క్రొవ్వొత్తులు తెచ్చినది. వెనుకవీధి మహమ్మదీయ స్త్రీ ఒక గిన్నెలో రొట్టెలు తెచ్చి, ఇవి మీరు తినునట్లు శాకముతోనే చేసితినని చెప్పినది. మామ్మగారు చేతికఱ్ఱతో వచ్చిరి. ఈ దేశమున చావు కబురు విన్న యింటివారిని ఆ రాత్రి ఒంటరిగా నుండనీయరు. ఏ మతమువారైనను వచ్చి కూర్చుందురు; టీ త్రాగుదురు, మెల్లగా మాటలాడుకొందురు, కొందఱు ఊరకుందురు. మా అమ్మను వారిలో ఒక్కరును చూచినవారు గారు. అయినను అర్ధరాత్రివఱకు కూర్చుండిరి. మైల యని మేము దూరముగా జరుగబోగా మామ్మగారు వినలేదు. ప్రక్కనే కూర్చుండి మా చేయి పట్టుకొని తమ ముత్తవ్వ సంగతి చెప్పిరి.

ఆ ముత్తవ్వ ఓడ దిగునాటికి పదునేడేండ్లది. అమ్మను రేవులో విడిచి వచ్చినది. ఆమెకు చదువు రాదు, ఆ తల్లికిని రాదు. జాబులు లేవు. అయిదేండ్లు పోయినవి, ఇరువదియేండ్లు పోయినవి. తల్లి బ్రదికియున్నదో లేదో తెలియదు. మహాలయ పక్షమున అందఱు తమ పెద్దలకు పెట్టుకొనుచుండగా ఆమె యేమి చేయవలెను? పెట్టినచో, బ్రదికియున్న తల్లికి కీడు తలపెట్టినట్లగును. పెట్టకున్నచో, చనిపోయిన తల్లిని ఆకలితో నుంచినట్లగును. అందుచేత ఆమె ఆ పక్షము పదునైదు దినములును సందెవేళ గుమ్మమున సముద్రపు దిక్కుగా ఒక దీపము పెట్టెడిదట. దీపము బ్రదికినవారికిని చెల్లును, పోయినవారికిని చెల్లును అనెడిదట. ఆమె పిమ్మట ఆమె కూతురును, మనుమరాలును పెట్టిరి. ఇప్పటికిని మామ్మగారి యింట మహాలయమున ఆ దీపము వెలుగును. ఎవరి కొఱకు మొదలైనదో పేరు కూడ ఎవరికిని తెలియదు.

ఈ మాటలు విని మేము అమ్మ పోయిన పిమ్మట మొదటిసారి గట్టిగా ఏడ్చితిమి. మా అమ్మ యే ఘడియలో పోయినదో, ఏ తిథియో, ఎవరు నోట తులసితీర్థము పోసిరో మాకు తెలియును. తెలియుటయే యొక భాగ్యమని అంతకుముందు ఎన్నడును తోచలేదు. మూడవ దినమున స్నానము చేసి ఉత్తరపు దిక్కున దీపము పెట్టితిమి. మన దేశము ఇచ్చటికి ఈశాన్యమున గదా యని మా పిల్లవాడు దిద్దినాడు. దీపమును ఈశాన్యమునకు జరిపితిమి.

ఆ శివరాత్రికి మేము గంగా తలావునకు నడచి పోతిమి. అది ద్వీపపు దక్షిణ భాగమున కొండలమీద, చల్లారిన అగ్నిపర్వతపు నోటిలో నిలిచిన సరస్సు. పూర్వము దానిని పరీ తలావు అనెడివారు. 1898నుండి శివరాత్రికి అచ్చటికి యాత్ర సాగుచున్నది. కూలీల సంతతివారు గంగకు పోలేరు. గంగయే ఇచ్చటికి వచ్చినదని నమ్మిరి. 1972లో నిజముగా గంగాజలమును తెచ్చి అందు కలిపిరి. 2007లో ఒడ్డున 33 మీటర్ల ఎత్తైన శివుని విగ్రహము నిలిపిరి. శివరాత్రికి ముందు అయిదాఱు దినములు ద్వీపపు నాలుగు మూలలనుండి తెల్లని బట్టలు కట్టిన జనము కావడులు మోయుచు, వానలో తడియుచు నడచిపోవుదురు. దారి పొడవున ఇండ్లవారు నీళ్లు, పండ్లరసము, పలహారము ఇత్తురు. నడువలేక మేము ఒక యరుగుమీద కూర్చుండగా ఒక యువతి చల్లని నీళ్లు తెచ్చి ఇచ్చినది, ఎచ్చటివారని అడుగలేదు. సరస్సునకు చేరి ఆ నీటిని తలపై చల్లుకొన్నపుడు, ఇది గంగ యగునా కాదా యను ప్రశ్న మాకు పుట్టలేదు. నూఱేండ్లకు పైగా ఇందఱి పాదములు అరగదీసిన దారి చివర నున్న నీరు తీర్థము గాక మఱేమగును? మన దేశమునను తీర్థములు ఇట్లే పుట్టియుండును.

ఇంటికి వచ్చిన రాత్రి మబ్బు విడిపోయి ఆకాశము నిర్మలముగా నుండెను. ఫాల్గుణమునకు ముందు ఆ దినములలో సాయంకాలము గడచినంతనే దక్షిణపు దిక్కున ఎత్తుగా ఒక గొప్ప నక్షత్రము వెలుగును. మన దేశమున అది దిక్చక్రమునకు కొంచెము మీదుగా మాత్రమే కనబడి మునుగును. అది అగస్త్యుడు. వింధ్యుని తల వంచి, నేను తిరిగి వచ్చువఱకు ఇట్లే యుండుమని చెప్పి దక్షిణమునకు పోయి మరల రాని ముని. చిన్ననాట ఈ కథ వినునపుడు వింధ్యుని మోసపుచ్చిన చమత్కారమే చూచితిమి. ఇప్పుడు ఆ ముని వెంట నడచిన లోపాముద్ర జ్ఞప్తికి వచ్చినది. ఆమె విదర్భ రాజపుత్రి. పుట్టినిల్లు వింధ్యకు చేరువ. భర్త తిరిగి పోననినపుడు ఆమె మనసు ఎట్లుండెనో కథ చెప్పదు. కాని ఆ దంపతులు దక్షిణమున ఊరక నిలిచిపోలేదు. ఆ దేశమును తమ ఆశ్రమముగా చేసికొనిరి. త్రిశంకుడును దక్షిణ ఆకాశముననే యున్నాడు, అగస్త్యుడును అచ్చటనే యున్నాడు. ఒకడు నడుమ వ్రేలాడినవాడు, మఱియొకడు దిగి నిలిచినవాడు. పరదేశమునకు పోయిన గృహిణి ఈ యిద్దఱిలో ఎవరి దారిని పట్టునన్నది చాలవఱకు ఆమె చేతిలోనే యున్నది.

పరదేశమునకు పోవుటకు సిద్ధముగా నున్న సోదరీమణులకు మాకు తెలిసిన రెండు మూడు మాటలు చెప్పి ముగింతుము. పెట్టెలను మొదటి వారముననే విప్పి సర్దుకొనవలెను. విప్పని పెట్టె ఇంటిలో నున్నంతవఱకు మనసు ప్రయాణములోనే యుండును. ఆ దేశపు కూర యొకటి, ఆ దేశపు మాటలు పదియైనను వెంటనే నేర్చుకొనవలెను. భాష తెలియనివాని యేడ్పు ఇరుగుపొరుగువారికి వినబడదు. పూజను తగ్గించుకొనినను మానరాదు. దొరకని పువ్వు కొఱకు వగవక దొరకిన పువ్వు పెట్టవలెను. మన పండుగనాడు పొరుగువారికి పలహారము పంపవలెను, వారి పండుగనాడు వారు పంపినదానిని ఆదరముతో పుచ్చుకొనవలెను. రేపు మన కష్టమునాడు తలుపు తట్టువారు వారే. పుట్టినిల్లు జ్ఞప్తికి వచ్చి దుఃఖము కలిగినచో దానిని తప్పుగా నెంచి అణచుకొనవలదు. మెట్టినింట స్థిరపడిన కూతురు పుట్టినింటిని మఱచినదా? రెండును ఆమెవే.

మొన్న ఉగాదికి మా యింట పచ్చడి చేసితిమి. వేపపువ్వు ఇంటినుండి వచ్చినది, చింతపండు ఇచ్చటి బజారుది, బెల్లము ఇచ్చటి చెఱకుది, మామిడి ముక్కలు మా జాడీలోనివి. ఈసారి మేమే డిసెంబరున ఊరవేసితిమి. మామ్మగారికి ఒక గిన్నె పంపితిమి. ఉప్పు కొంచెము ఎక్కువైనదని కబురు వచ్చినది.